19 మ్యాచ్‌లు, ఒకే సీటు: ప్రీమియర్ లీగ్ సీజన్ టికెట్ ఎవరికి గిట్టుబాటు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో సీజన్ టికెట్ (ఏడాది పొడవునా సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే సీటు) కొంటే ఒక్కో మ్యాచ్ బాగా చవగ్గా పడుతుందని చాలామంది అనుకుంటారు. లివర్‌పూల్ లెక్క చూస్తే ఆ భ్రమ సగం పోతుంది. 2024-25లో ఆ జట్టు స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో పెద్దవాళ్ళ సీజన్ టికెట్ 713 నుంచి 904 పౌండ్ల దాకా ఉంది. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు కాబట్టి సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లు 19. 713ని 19తో భాగిస్తే మ్యాచ్‌కి ముప్పయ్యేడున్నర పౌండ్లు. అదే ఏడాది విడి టికెట్ 39 దగ్గర మొదలైంది. అంటే సీజన్ మొత్తానికి మిగిలేది 28 పౌండ్లు. జ్వరమొచ్చి ఒక్క మ్యాచ్‌కి వెళ్ళలేకపోయినా ఆ మిగులు హుష్‌కాకి. ఖరీదైన సీట్ల దగ్గర కాస్త నయం. విడిగా 61, సీజన్‌కి 904. అక్కడ 15 మ్యాచ్‌లు చూస్తే డబ్బు గిట్టినట్టే, 14తో ఆగిపోతే నష్టమే.

ఇంత చిన్న తగ్గింపు కోసం జనం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఎందుకు పడి ఉంటారు? విడి టికెట్ ధర వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది గానీ టికెట్ దొరకదు, అందుకు. సీజన్ టికెట్‌ని మనూళ్ళో బస్ పాస్‌లాగా చూడకూడదు. పాస్ లేకపోయినా డబ్బులిచ్చి బస్సెక్కొచ్చు. ఇక్కడ టికెట్ లేకపోతే గేటు దాటే పనే లేదు. పెద్ద క్లబ్బులో మీరు కొంటున్నది ఒక సీటు మీద హక్కు. వచ్చే ఏడాది కూడా అదే సీటు మీకే ముందు ఇస్తారు. లీగ్ కాకుండా విడిగా జరిగే కప్ టోర్నీలో మీ జట్టు ఫైనల్‌కి చేరితే టికెట్లలో మీ వంతు ముందొస్తుంది. ఎదుటి జట్టు మైదానంలో జరిగే ‘అవే’ (away) మ్యాచ్‌ల టికెట్ల వరసలో మీ పేరు పైన ఉంటుంది. వీటి విలువ ఎంతో మీకు మీరే తేల్చుకోవాలి, భాగహారంలో అది తేలదు.

అందుకే ఇంగ్లండ్‌లో ఉండే మన అభిమానుల్లో ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: పోయిన సీజన్‌లో నిజంగా ఎన్ని మ్యాచ్‌లకి వెళ్ళగలిగేవారు? వెళ్ళాలనుకున్నవి వద్దు, వెళ్ళగలిగినవి చెప్పండి. ఈ రెండింటి మధ్య తేడా మనకి ఎక్కువే ఉంటుంది. పిల్లలకి డిసెంబర్ సెలవులు రాగానే ఇండియా ఫ్లైట్ ఎక్కేది మనం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మాత్రం సరిగ్గా అప్పుడే ఊపందుకుంటుంది, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మ్యాచ్ మీద మ్యాచ్. సంక్రాంతి కూడా చూసుకుని వద్దామనుకుంటే రెండు మూడు హోమ్ మ్యాచ్‌లు అక్కడే పోతాయి. ఆ మీద శనివారం తెలుగు బడి, ఎవరింట్లోనో గృహప్రవేశం, ఆన్‌కాల్ డ్యూటీ. పదిహేను మార్కు దాటడం కష్టమే.

పైగా మ్యాచ్ శనివారం మూడింటికే ఉంటుందన్న గ్యారంటీ లేదు. జూన్‌లో షెడ్యూల్ వస్తుంది, అందులో తేదీలు చూసి మురిసిపోకండి. టీవీ వాళ్ళు కావాల్సిన మ్యాచ్‌లు ఎంచుకున్నాక అవి శుక్రవారం రాత్రికో, శనివారం పన్నెండున్నరకో, ఆదివారం నాలుగున్నరకో, సోమవారం ఎనిమిదింటికో జరుగుతాయి. 2025-26 నుంచి ఒక్క స్కై స్పోర్ట్స్ ఛానల్‌లోనే ఏడాదికి కనీసం 215 మ్యాచ్‌లు లైవ్ వస్తాయి. మొత్తం సీజన్‌లో ఉన్నవే 380. అంటే మీ జట్టు పేరున్నదైతే మూడింటి మ్యాచ్ దొరకడమే అరుదు. స్టేడియం ఊళ్ళోనే ఉండేవాడికి ఇది చిరాకు. లండన్ పక్కన స్లౌలో ఉండి మాంచెస్టర్ క్లబ్‌ని ప్రేమించేవాడికి ఇది నేరుగా డబ్బు దెబ్బ. చవగ్గా వస్తుందని ముందే కొన్న రైలు టికెట్ వృథా అవుతుంది, సోమవారం మ్యాచ్ పదింటికి ముగిస్తే రాత్రికి హోటల్ గది, మంగళవారం సెలవు. దూరం నుంచి అభిమానించేవాళ్ళకి సీజన్ టికెట్ ధర అసలు ఖర్చులో చిన్న ముక్క. గంటన్నరలో స్టేడియం చేరలేనివాళ్ళు ఈ ఆలోచనే మానుకుంటే మంచిదని నా అభిప్రాయం.

క్లబ్బుని బట్టి ధరలు ఎంత తేడాగా ఉన్నాయో కూడా చూడాలి. 2024-25లో వెస్ట్ హామ్ అతి చవక సీజన్ టికెట్ 350 పౌండ్ల లోపే. మాంచెస్టర్ సిటీలో 425. టోటెన్‌హామ్‌లో చవక అంటే 856. ఆర్సెనల్‌లో చవక సీటుకే వెయ్యి దాటింది, అయితే అందులో కొన్ని కప్ మ్యాచ్‌లూ కలిసి ఉంటాయి కాబట్టి 19తో భాగించి పోల్చడం అన్యాయం. ఫుల్హామ్ థేమ్స్ ఒడ్డున కొత్తగా కట్టిన రివర్‌సైడ్ స్టాండ్‌లో ఒక సీటుకి 3,000 అడిగింది. ‘చవక సీటు’ అన్న మాటని కూడా అనుమానంగా చూడండి. ప్రకటనలో కనిపించే ధరకి ఉండేవి కొద్ది సీట్లే, అవి పాతవాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. కొత్తగా చేరేవాడికి మిగిలేది మధ్య రకమో, పై రకమో.

లండన్‌లో ఈస్ట్ హామ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఇక్కడ ఒక మాట. వెస్ట్ హామ్ 2016 దాకా ఆడిన పాత మైదానం గ్రీన్ స్ట్రీట్ పక్కనే, అంటే మీరు కూరగాయలు కొనుక్కునే వీధుల్లోనే ఉండేది. ఇప్పుడు ఆడేది స్ట్రాట్‌ఫర్డ్‌లో, 2012 ఒలింపిక్స్‌కి కట్టిన లండన్ స్టేడియంలో. 62 వేలకి పైగా సీట్లున్నాయి కాబట్టి టికెట్ దొరకడం పక్క క్లబ్బులంత కష్టం కాదు. అథ్లెటిక్స్ ట్రాక్ కోసం కట్టినది కాబట్టి వెనక వరసల నుంచి పిచ్ చాలా దూరం. ఆటగాడి చొక్కా నంబర్ కోసం కళ్ళు చికిలించుకోవాల్సిందే. సీజన్ టికెట్ కొనే ముందు, అనుకున్న బ్లాకులో ఒక్కసారి విడి టికెట్ మీద కూర్చుని చూసి రండి. ఏ స్టేడియానికైనా ఇది వర్తిస్తుంది, ఇక్కడ మరీను.

ఇక రెండో దారి, మెంబర్‌షిప్. ఏడాదికి 30-40 పౌండ్లు కడితే విడి టికెట్లకి పోటీపడే అర్హత వస్తుంది. టికెట్ వస్తుందని కాదు, గమనించండి. పెద్ద క్లబ్బుల్లో ఇప్పుడంతా బ్యాలట్. మ్యాచ్‌కి కొన్ని వారాల ముందు గడువులోగా పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత లాటరీ. ‘ఈసారి మీకు టికెట్ రాలేదు’ అనే మెయిల్ ఎలా ఉంటుందో మెంబర్లందరికీ కంఠతా వచ్చు. అయితే కథ అక్కడితో అయిపోదు. సీజన్ టికెట్ ఉండి రాలేనివాళ్ళు తమ సీట్లని క్లబ్ ఎక్స్చేంజ్‌లో (క్లబ్ ద్వారానే తిరిగి అమ్మే చోట) పెడతారు, అవి మ్యాచ్ దగ్గరపడేకొద్దీ ఎక్కువగా వస్తాయి. స్టేడియం మ్యాప్ తెరిచి కూర్చుంటే బూడిదరంగు సీట్ల మధ్య ఒక చుక్క రంగు మారుతుంది. నొక్కేలోపు ఇంకెవరో ఎగరేసుకుపోతారు, పేజీ రిఫ్రెష్ చేస్తే ఇంకో మూల ఇంకో చుక్క. ఒంటరిగా వెళ్ళేవాడికి ఓపిక ఉంటే ఇది పనిచేస్తుంది. పక్కపక్కన రెండు సీట్లు కావాలంటే కష్టం, నలుగురున్న కుటుంబానికి దాదాపు అసాధ్యం.

ఏడాదికి ఐదారు మ్యాచ్‌లు చాలనుకునేవాళ్ళకి మెంబర్‌షిప్పే సరి. ఆరు మ్యాచ్‌లకి సగటున 50 పౌండ్లు వేసుకున్నా, మెంబర్‌షిప్‌తో కలిపి 340లోపు తేలిపోతుంది. ఆన్‌ఫీల్డ్ అతి చవక సీజన్ టికెట్‌లో సగం కన్నా తక్కువ. వెళ్ళిన ఆరూ మీ వీలు చూసుకుని వెళ్ళినవి. మీకు నచ్చిన ప్రత్యర్థి దొరక్కపోవచ్చు, అదొక్కటే ఇబ్బంది. ఒకే ఊరి జట్ల మధ్య జరిగే డెర్బీ మ్యాచ్ టికెట్ బ్యాలట్‌లో రావడమంటే పెట్టి పుట్టాలి.

సీజన్ టికెట్ ఉండి వెళ్ళలేని మ్యాచ్‌ల సంగతేంటి? ఎక్స్చేంజ్‌లో పెడితే సాధారణంగా సీజన్ ధరలో పంతొమ్మిదో వంతు మీ ఖాతాలో జమవుతుంది. చేరేది సీటు అమ్ముడైతేనే. బలహీన జట్టుతో చలికాలం మంగళవారం రాత్రి మ్యాచ్ అయితే అమ్ముడుపోకపోవచ్చు కూడా. కొన్ని పెద్ద క్లబ్బులు ఇంకో షరతు పెట్టాయి: సీటుని ఇన్ని మ్యాచ్‌లకి వాడకపోతే వచ్చే ఏడాది రెన్యువల్ ఉండదు. ఖాళీ సీట్లు టీవీలో కనపడటం వాళ్ళకి ఇష్టం లేదు. బయట వేల మంది క్యూలో ఉన్నారు కాబట్టి అందులో న్యాయమూ ఉంది. ఏమైనా ‘పెట్టుబడిగా పడి ఉంటుందిలే’ అనుకుని కొనే రోజులు పోయాయి.

వాట్సాప్ గ్రూపుల గురించి గట్టిగా చెప్పాలి. ‘శనివారం టికెట్ ఉంది, ఎవరికైనా కావాలా?’ అని మన గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. లాభం లేకుండా అసలు ధరకే ఇచ్చానన్నా చెల్లదు. కచేరీ టికెట్లకి లేని నియమం ఫుట్‌బాల్‌కి ఎందుకంటే, రెండు జట్ల అభిమానులు కలిసిపోయి గొడవలు పడకుండా. క్లబ్ పట్టుకుంటే ముందు సీజన్ టికెట్ రద్దు చేస్తుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి పోలీసు కేసు టెన్షన్ వేరే చెప్పాలా. ఇవ్వాలనుకుంటే క్లబ్ యాప్‌లో స్నేహితుడి పేరుకి ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతి ఉంటుంది, అదే వాడండి.

మాస్టర్స్ చదవడానికి ఒక ఏడాదికి వచ్చిన పిల్లలకి సీజన్ టికెట్ మాట అనవసరం. వెయిటింగ్ లిస్టులో మీ వంతు వచ్చేలోగా చదువు, ఆ తర్వాతి వీసా రెండూ అయిపోతాయి. మీకు నేను చెప్పేది కింది లీగుల సంగతి.

ప్రీమియర్ లీగ్‌కి ఒక మెట్టు కింద ఉండే ఛాంపియన్‌షిప్‌లోనూ దాని కింది రెండు లీగుల్లోనూ 24 జట్లు చొప్పున ఉంటాయి, 23 హోమ్ మ్యాచ్‌లు. చాలా క్లబ్బుల్లో మ్యాచ్ వారంలోనే టికెట్ కొనుక్కోవచ్చు, సీజన్ టికెట్‌కి క్యూ ఉండదు, విద్యార్థులకి తగ్గింపు ఉంటుంది. గోల్ కీపర్ తిట్లు వినపడేంత దగ్గర కూర్చుంటారు. వింబుల్డన్ కథ తెలుసుకుంటే కింది లీగుల అభిమానం ఎంత గట్టిదో అర్థమవుతుంది. పాత వింబుల్డన్ క్లబ్‌ని యజమానులు లండన్ నుంచి మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి రాగానే, అభిమానులు పార్కులో సెలెక్షన్లు పెట్టి తమ క్లబ్ తామే పెట్టుకున్నారు. ఆ కొత్త క్లబ్ ఏఎఫ్‌సీ వింబుల్డన్ తొమ్మిదో స్థాయి లీగ్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి 2020లో సొంత పేటలోని ప్లౌ లేన్‌కి తిరిగొచ్చింది. అలాంటి చోట సీజన్ టికెట్ కొంటే మీ డబ్బు క్లబ్ బతకడానికి ఉపయోగపడుతుంది. టీవీ ఆదాయం కోట్లలో వచ్చే క్లబ్బుకి మీ 900 పౌండ్లు ఉన్నా లేకపోయినా ఒకటే. మిల్టన్ కీన్స్‌లో ఇప్పుడు మనవాళ్ళు బాగానే ఉన్నారు, వాళ్ళు ఎంకే డాన్స్ (అలా తరలిపోయిన పాత క్లబ్ ఇదే) మ్యాచ్‌కి వెళితే తప్పేం లేదు గానీ, ఈ చరిత్ర తెలిసి వెళ్ళండి.

మహిళల సూపర్ లీగ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆర్సెనల్ మహిళల జట్టు మ్యాచ్ అంటే అదే ఎమిరేట్స్ స్టేడియం, అవే సీట్లు, ధర పురుషుల మ్యాచ్‌లో చిన్న వంతు. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు దీన్ని మొదటి ఎంపికగానే పెట్టుకోవచ్చు.

టీవీ సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లండ్‌లో శనివారం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ లైవ్ ప్రసారం నిషేధం, జనం స్టేడియాలకి వెళ్ళాలని. దాంతో ఒక వింత జరుగుతుంది: ఆన్‌ఫీల్డ్ పక్క వీధిలో ఉన్నవాడికి ఇంట్లో కనపడని మూడింటి మ్యాచ్‌ని వరంగల్‌లో మీ తమ్ముడు హాయిగా చూస్తుంటాడు, చలికాలమైతే రాత్రి ఎనిమిదిన్నరకి. స్కై, టీఎన్‌టీ ఛానళ్ళు రెండూ పెట్టించుకుంటే ఏడాది ఖర్చు కొన్ని క్లబ్బుల సీజన్ టికెట్‌కి దగ్గరగా వస్తుంది. సీజన్ టికెట్, టీవీ రెండూ ఉంచుకునేవాళ్ళు ముందు దేన్ని తీసేయాలో ఆలోచించాలి.

విధేయత అన్న మాటకి వద్దాం, అసలు తిప్పలంతా అక్కడే. మీరు రెన్యువల్ చేస్తారని క్లబ్బుకి తెలుసు. ఒకసారి వదులుకుంటే మళ్ళీ దొరకదన్న భయం మీకుందనీ తెలుసు. ధరలు పెరిగేది ఆ భయం మీద. అయినా అభిమానులు పూర్తిగా నిస్సహాయులేం కాదు. 2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో సండర్లాండ్‌తో మ్యాచ్, లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. కొత్త స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నందుకు సరిగ్గా 77వ నిమిషంలో దాదాపు పదివేల మంది లేచి బయటికి నడిచారు. వాళ్ళు వెళ్ళాక సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసింది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే లీగ్ మొత్తానికీ ఎదుటి జట్టు మైదానానికి వెళ్ళే అభిమానుల (‘అవే’) టికెట్ 30 పౌండ్లు దాటకూడదన్న నియమం వచ్చింది, అది ఇప్పటికీ ఉంది. మరోవైపు 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మెంబర్ల టికెట్‌ని 66 పౌండ్లు చేసింది, పిల్లలకీ ముసలివాళ్ళకీ తగ్గింపు లేకుండా. ఇద్దరు పిల్లలతో వెళ్ళే జంటకి ఒక మ్యాచ్‌కి 264. సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకి ఆ దెబ్బ తగల్లేదు, ధర ముందే కట్టేశారు కాబట్టి. సీజన్ టికెట్‌కి అనుకూలంగా నేను చెప్పగల గట్టి వాదన ఇదే.

జర్మనీలో ఉన్నవాళ్ళకి ఈ గొడవ చాలావరకు లేదు. అక్కడ ఎక్కువ క్లబ్బుల్లో ఓటింగ్ అధికారం సభ్యుల చేతిలోనే ఉంటుంది, నిలబడి చూసే స్టాండ్లు పెద్దవి, టికెట్‌లోనే లోకల్ రైలు, బస్సు ప్రయాణం కలిసి ఉండటం మామూలు. 17 హోమ్ మ్యాచ్‌ల స్టాండింగ్ సీజన్ టికెట్ ఎక్కడైనా దొరికితే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి. కాకపోతే దొరకదు. డార్ట్‌మండ్ స్టేడియంలో 81 వేల మంది పడతారు, అందులో 55 వేలు సీజన్ టికెట్లే.

హైదరాబాద్‌లో ఉండి ఇదంతా చదివేవాళ్ళకి కడుపుమండే విషయం ఒకటుంది. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. గచ్చిబౌలిలో సీటు కోసం డబ్బు దాచుకున్నవాడికి సీజన్ టికెట్ విలువ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక తేల్చుకునే పని. రెన్యువల్ గడువు మామూలుగా సీజన్ ముగిసే రోజుల్లో, కొత్త షెడ్యూల్ రాకముందే వస్తుంది. తేదీలు తెలియకుండానే డబ్బు కట్టాలి కాబట్టి పాత రికార్డే ఆధారం. క్లబ్ యాప్‌లో మీరు గేటు దాటిన మ్యాచ్‌లు ఉంటాయి, లెక్కపెట్టండి. పదిహేను దాటితే కళ్ళుమూసుకుని కట్టేయండి. పది నుంచి పద్నాలుగు మధ్య ఉంటే, మిగతావి ఎక్స్చేంజ్‌లో నిజంగా అమ్ముడయ్యాయో లేదో చూడండి. అమ్ముడైతే ఉంచుకోండి, లేకపోతే ఒకే కుటుంబంలో వాడుకునేలా క్లబ్ ఏమైనా ఒప్పుకుంటుందేమో టికెట్ ఆఫీసుని అడగండి. పది లోపయితే వదిలేసి మెంబర్‌షిప్ తీసుకోండి. ‘మళ్ళీ దొరకదు’ అన్న భయం తప్ప ఉంచుకోవడానికి వేరే కారణం లేదని అప్పటికి మీకే తెలిసిపోయి ఉంటుంది. కట్టేవాళ్ళు వాయిదాల్లో కడుతుంటే వడ్డీ ఎంతో చదవండి, కప్ మ్యాచ్‌ల డబ్బు కార్డు నుంచి దానంతటదే కట్ అయ్యే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. మీ జట్టు యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌కి అర్హత సాధిస్తే మొదటి దశలోనే నాలుగు హోమ్ మ్యాచ్‌లు అదనం. మీరు ఇండియాలో ఉండగా ఆ బిల్లు వస్తే బాగుండదు.